మూర్తిగారు అరువు తెచ్చుకున్న నది

మొన్న రాజమండ్రిలో ఒక ప్రెస్సుకు వెళ్ళాను. మిత్రుడి షష్టిపూర్తి సంచిక ప్రూఫులు చూడాల్సిన పని. నేను వెళ్ళేసరికి ఇద్దరు మనుషులు కొత్త కాగితం రీలు దొర్లించుకొచ్చి, దాని మీద చుట్టిన దళసరి గోధుమరంగు అట్టను కత్తితో చీలుస్తున్నారు. ఆ చీలికలోంచి తడిసి ఆరిన కలప వాసన వచ్చింది, దాని వెనకే కాస్త పులిసిన గంజి వాసన. కుర్చీలో కూర్చోబోయినవాణ్ణి ఆగిపోయి, ఆ అట్ట మీద ఊరి పేరు కోసం వెతికాను. అక్కడ ఇంకేదో మిల్లు ముద్ర ఉంది. అయినా నా నోరు తనంతట తాను "త్రొవా-రివియేర్" అనేసింది. "ఏంటి సార్?" అన్నాడు కత్తి పట్టుకున్నతను. "ఏం లేదు, ఒక ఊరు" అన్నాను. ఎక్కడి ఊరు, మీకేమవుతుంది అని అడిగి ఉంటే చెప్పడం కష్టమయ్యేది. ఆ ఊరు నేను చూడలేదు. ఆ పేరు నాకు నేర్పిన మూర్తిగారూ చూడలేదు.

డెబ్బైల చివర్లో నేను కువైట్‌లో ఒక ఇంగ్లీషు దినపత్రికలో ప్రూఫ్ రీడరుగా చేరాను. అంతకు ముందు విజయవాడలో తెలుగు పత్రికలో అదే పని. పత్రికకు అల్ రాయ్‌లో ఒక పెద్ద రేకుల గోడౌను ఉండేది. కాగితం రీళ్ళన్నీ అక్కడే. ఆ గోడౌనుకు అధికారి మూర్తిగారు. కోనసీమలో గోదావరి వైనతేయ పాయ మధ్యనున్న ఒక లంక ఆయన ఊరు. అంటే చుట్టూ నది పారే దీవి. వర్షాకాలంలో ఇంట్లోంచి బజారుకు వెళ్ళాలన్నా పడవ ఎక్కిన మనిషి, ఇప్పుడు ఒక్క ఏరూ లేని దేశంలో కాగితానికి కాపలా. మేమిద్దరం అబూ హలీఫాలో ఒకే మేడలో పక్క పక్క గదుల్లో ఉండేవాళ్ళం. నన్ను ఆయన పేరుతో పిలిచిన గుర్తు లేదు. "ఏవోయ్ ప్రూఫూ" అనేవారు. వయసులో నాకు బాబాయి వరస. చిన్న పిలక, పెద్ద కళ్ళజోడు, చొక్కా జేబులో ఎప్పుడూ ఒక సుద్దముక్క.

కెనడా నుంచి వచ్చే రీళ్ళ మీద ఊరి పేరు నల్లటి పెద్ద అక్షరాలతో అచ్చువేసి ఉండేది. ఆ పేరును ఆ గోడౌనులో ఎవరికి తోచినట్టు వాళ్ళు పలికేవారు. ఆఫీసులో ఇంగ్లీషువాళ్ళు 'త్రీ రివర్స్' అనేవారు. బిల్లులు చూసే ఈజిప్టు గుమాస్తా అరబీలో ఏదో రాసుకుని, దాన్ని తానే రెండు రోజుల తరవాత మరో రకంగా చదివేవాడు. మూర్తిగారు మొదట్లో అక్షరాలన్నీ కూడబలుక్కుని 'ట్రాయిస్ రివియర్స్' అనేవారు. రీళ్ళు దొర్లించే మల్లయ్యది కరీంనగర్ జిల్లా. ఆ పేరుకు అర్థం మూడు నదులని ఎవరో చెప్పాక అతను 'మూడేర్లు' అని ఖాయం చేసేశాడు. "ఇయ్యాల మూడేర్ల మాలు దిగిందా సారూ?" అనేవాడు.

నేను చేరిన రెండో వేసవిలో పత్రికకు పెద్ద కష్టం వచ్చింది. మిషను నడుస్తూండగా కాగితం తెగిపోయేది. అతికించి మళ్ళీ తిప్పితే మళ్ళీ తెగేది. తెల్లవారేసరికి దుకాణాల్లో ఉండాల్సిన పత్రిక ఎండెక్కాక చేరేది. గోడౌనులో ఎండకు కాగితం పెళుసెక్కిపోతోంది, నిలవ పెట్టడం మూర్తికి చేతకాదు అని ఆఫీసు తేల్చేసింది. ముదీర్, అంటే మా మేనేజరు, గోడౌనుకే వచ్చి అందరి ముందూ చెయ్యి విదిలించాడు. "ఖలాస్. కొత్త మనిషిని చూసుకుంటాం. నీ ఇఖామా ఇక పొడిగించం." ఇఖామా అంటే ఆ దేశంలో ఉండనిచ్చే అనుమతి. ఆ సాయంత్రం గదిలో అన్నం కలుపుకుని, కలిపిన ముద్దను చూస్తూ కూచున్నారు. "ఎండ నేను తెచ్చేనంటాడేవిటోయ్?" అన్నారు చివరికి.

ఆ గొడవలోకే వచ్చాడు గాస్తోన్. మిషను బాగుచేయడానికి కెనడా నుంచి, ఆ కాగితం వచ్చే ఊరినుంచే, పిలిపించిన ఇంజనీరు. పొట్టిమనిషి, మెడ లేనట్టుండే భుజాలు, ఎర్రటి ముక్కు. ఇంగ్లీషు మాటలు ఒక్కొక్కటీ జేబులోంచి వెతికి తీసినట్టు మాట్లాడేవాడు. మిషను దగ్గరికి వెళ్ళకుండా తిన్నగా గోడౌనుకు వచ్చాడట. అప్పటికి మూర్తిగారు వరసగా రీళ్ళను అరచేత్తో తట్టుకుంటూ వెళ్తున్నారు. అది ఆయన అలవాటు. కొబ్బరికాయను తట్టి చెవి దగ్గర పెట్టుకునే ఊళ్ళో పెరిగినవాడు. ఆ చప్పుడును బట్టి కాగితంలో ఏం తెలుస్తుందో ఆయనకే తెలీదు, ఊరికే తట్టేవారు. గాస్తోన్ కాసేపు చూసి, పక్కకు వచ్చి తనూ తట్టడం మొదలెట్టాడు. వాళ్ళ మిల్లులో రీలు గట్టితనం అలాగే చూస్తారట, చిన్న కర్రతో కొట్టి. ఇద్దరూ చెరో వైపు నుంచి మొత్తం వరస తట్టుకొచ్చి మధ్యలో కలుసుకున్నారు. "కాగితం బాగుంది" అన్నాడు గాస్తోన్. తరవాత మిషను విప్పాడు. రీలు బిగువును పట్టి ఉంచే బ్రేకు అరిగిపోయింది. అది మార్చాక తెగడం ఆగింది. ముదీర్ క్షమాపణ చెప్పలేదు గానీ, ఇఖామా పొడిగించాడు.

తరవాతి శుక్రవారం గాస్తోన్‌ను మా మేడకు భోజనానికి పిలిచారు మూర్తిగారు. వంకాయ కూర, ముద్దపప్పు, నేతిలో వేయించిన అప్పడాలు. మల్లయ్య కూడా వచ్చాడు. తిన్నాక మూర్తిగారు చేతులు కట్టుకుని నిలబడి, తనకు వచ్చిన ఇంగ్లీషులో, మీరు నాకు గురువుతో సమానం, దక్షిణ ఏం ఇమ్మంటారు అని అడిగారు. నేను దాన్ని సరిచేసి మళ్ళీ చెప్పాను. గాస్తోన్ చెయ్యి తుడుచుకున్నాడు. "మా ఊరి పేరు సరిగ్గా పలుకు. అంతే" అన్నాడు.

అలా మొదలైంది పాఠం. గాస్తోన్ పెదాలు గుండ్రంగా చుట్టి "త్రొవా" అనేవాడు. చివరి అక్షరం పలికేది కాదు. "రివియేర్"లో రకారం నాలుక కొసన ఆడేది. "ఇది మన రకారవేనోయ్!" అని మూర్తిగారు పొంగిపోయారు. 'త్రొవా' అంటే మూడు అని తెలిశాక మరీను. "త్రయం, త్రి, త్రొవా! ఎక్కడి కెనడా, ఎక్కడి మనం!" ఆ ఊరివాళ్ళు తమను 'త్రిఫ్లూవియాఁ' అని చెప్పుకుంటారని గాస్తోన్ చెప్పాడు. మూర్తిగారు ఆ మాటను పూజలో నామంలా పదిసార్లు అన్నారు.

'త్రీ రివర్స్' అంటే తప్పేమిటి, అర్థం అదే కదా అని నేను అడిగాను. ప్రూఫ్ రీడరుకు అలాంటి సందేహాలే వస్తాయి. గాస్తోన్ ముఖం మారింది. వాళ్ళ నాన్న పనిచేసిన మిల్లులో దొరలు ఇంగ్లీషువాళ్ళట. వాళ్ళు ఊరిని ఆ పేరుతోనే పిలిచేవారట, ఊళ్ళోవాళ్ళు పలికే పేరు ఆ దొరల చెవిన పడనట్టు. "అలా పిలిస్తే నేను తల తిప్పను" అన్నాడు. అంతలో మల్లయ్య, "మూడేర్ల సారూ, ఇంకింత మజ్జిగ పోసుకో" అని గ్లాసు చాపాడు. ఆ పిలుపులో ఉన్నది వాళ్ళ ఊరి పేరేనని గాస్తోన్‌కు నేను చెప్పాల్సి వచ్చింది. కోప్పడతాడనుకున్నాను. గాస్తోన్ విరగబడి నవ్వి, "మూడేర్లు, మూడేర్లు" అని తనే రెండుసార్లు అని మజ్జిగ తాగాడు. ఇంగ్లీషులోకి మారిస్తే ఒప్పుకోనివాడు తెలుగులోకి మారిస్తే ఎలా ఒప్పుకున్నాడని అడిగాను. "ఇతను మా నాన్నను ఉద్యోగంలోంచి తీసేయలేడుగా" అన్నాడు. అది సమాధానమో కాదో నాకు ఈ రోజుకీ తేలలేదు.

ఆ వారమే మా న్యూస్‌రూములో ఇంకో చిక్కు. ఫ్రెంచి బడిలో చదువుకున్న లెబనాన్ అనువాదకుడొకాయన ఉండేవాడు. నేను గర్వంగా 'త్రొవా-రివియేర్' అనగానే ఆయన చెవులు మూసుకున్నాడు. "అది పల్లెటూరి మాట. 'త్రువా' అనాలి, రకారం గొంతులోంచి రావాలి" అన్నాడు. నేను మూర్తిగారి దగ్గరికి పరిగెత్తాను. ఆయన కళ్ళజోడు తుడుచుకుంటూ విన్నారు. "ఆ లెబనానాయన అక్కడ పుట్టేడా?"

"లేదండి. ఫ్రెంచి బాగా చదువుకున్నాడు."

"మరి మా లంక పేరు కాశీ పండితుడొచ్చి దిద్దితే ఊరుకుంటానా? అక్కడ పుట్టినవాడి నోరే ప్రమాణం. నువ్వు పేపర్లో పనిచేస్తున్నావు. అచ్చువేసే ముందు ఆ ఊరివాణ్ణి అడగవోయ్."

గాస్తోన్ రెండు మూడు సార్లు వచ్చి వెళ్ళాడు. ఎనభైల్లో ఒక ఏడాది ఆయన బదులు మార్సెల్ అనే మరొకాయన వచ్చాడు. అదే ఊరు, అదే మిల్లు. గోడౌనులో నిలబడి, టోపీ చేతిలోకి తీసుకుని, గాస్తోన్ కిందటి చలికాలం గుండె ఆగి పోయాడని చెప్పాడు. మూర్తిగారు దగ్గర్లో ఉన్న రీలు మీద అరచెయ్యి ఆనించి అలా నిలబడిపోయారు. మల్లయ్య తలపాగా తువ్వాలు తీసి మూతికి అడ్డం పెట్టుకున్నాడు.

అవి మహాలయ పక్షాల ముందు రోజులు. పోయినవాళ్ళకు నువ్వులూ నీళ్ళూ వదిలే పదిహేను రోజులవి. తల్లిదండ్రులకే కాదు, గురువులకూ స్నేహితులకూ వదలొచ్చు. మూర్తిగారు ఏటా ఒక శుక్రవారం పొద్దున్నే అబూ హలీఫా సముద్రపు ఒడ్డున ఆ పని ముగించేవారు. దర్భలు ఊరినుంచి పెట్టెలో తెచ్చుకునేవారు. ఈసారి గాస్తోన్‌కు కూడా వదుల్తానన్నారు.

"ఆయన మతంలో వాళ్ళవాళ్ళు చేసే ఉంటారు కదండీ" అన్నాను.

"చేసుంటారు. అది వాళ్ళ బాకీ. నా దక్షిణ మాటేవిటి? ఊరి పేరు సరిగ్గా పలకమన్నాడు. ఈ నోటితో పలికి నీళ్ళు వదలకపోతే నేను పలికినట్టా?"

గోత్రం తెలియనివాళ్ళకు కాశ్యప గోత్రం చెప్పొచ్చు కాబట్టి అక్కడ ఇబ్బంది లేదు. ఇబ్బంది ఇంకోచోట వచ్చింది. కర్మకు ముందు సంకల్పం చెప్పాలి. ఏ ద్వీపంలో, ఏ పర్వతానికి ఏ దిక్కున, ఏ నది ఒడ్డున నిలబడి ఇది చేస్తున్నానో చెప్పుకోవాలి. ఇంటి దగ్గరైతే గోదావరి అంటే సరిపోయేది. కువైట్‌లో నది లేదు. ఇన్నేళ్ళుగా మూర్తిగారు ఆ మాట దగ్గరికి రాగానే గొణిగి దాటేస్తున్నారట. ఆ సంగతి నాకు అప్పుడే చెప్పారు, ఎవరైనా వింటారేమోనన్నట్టు గొంతు తగ్గించి.

"ఇక్కడ నది లేదు. ఆయన ఊరికి మూడున్నాయి. ఒకటి అరువు తెచ్చుకుంటే తప్పేవిటి? ఆ మూడింటి పేర్లూ కనుక్కో. పేరులేని నదిని ఎలా పిలవను?"

సంకల్పంలో చెప్పాల్సింది చేసేవాడు నిలబడిన చోటు గాని, పోయినవాడి ఊరు కాదు. అది నాకు తెలుసు, ఆయనకు నాకంటే బాగా తెలుసు. ఆ ముక్క అనబోయి ఆయన ముఖం చూసి మానుకున్నాను. ఈ దేశంలో ఆయన నిజంగా ఎక్కడ నిలబడ్డారో నేనైనా చెప్పగలనా?

న్యూస్‌రూములోని పెద్ద అట్లాసు తీశాను. ఆ ఊరు దొరికింది. పక్కనే పెద్ద నది ఒకటి, అది సముద్రానికి పోతోంది. ఉత్తరం నుంచి వచ్చి ఊరి దగ్గర అందులో కలుస్తున్న నీలిగీత ఒక్కటే. దాని పేరు సెయింట్ మోరిస్. భూతద్దం పెట్టి చూశాను. రెండోది లేదు, మూడోది లేదు. లెబనాన్ అనువాదకుణ్ణి అడిగితే, పేరే మూడు నదులు కదా, మూడు లేకపోతే ఆ పేరెందుకు పెడతారని నన్నే తిరిగి అడిగాడు. సాయంత్రం మూర్తిగారికి చెప్తే ఆయన ముఖం పాలిపోయింది. "ఎండిపోయేయా? లేక ఆయన నాకు అబద్ధం చెప్పేడా?" అన్నారు. శుక్రవారం ఎల్లుండి.

మర్నాడు ఇద్దరం గోడౌనులో మార్సెల్‌ను పట్టుకున్నాం. ఎందుకు కావాలో చెప్పలేదు. ఎలా చెప్పాలో తెలీలేదు. మార్సెల్ ముందు తికమకపడ్డాడు, తరవాత మూర్తిగారి జేబులోంచి సుద్దముక్క అందుకుని రీలు మీది గోధుమరంగు అట్ట మీద ఒక నది గీశాడు. అది పెద్ద నదిలో కలిసే చోట, దాని నోటి దగ్గర, రెండు దీవులు గీశాడు. నీరు వాటిని తప్పుకుని మూడు పాయలైంది. పూర్వం పెద్ద నదిలో పడవ మీద వచ్చినవాళ్ళకు మూడు నోళ్ళు కనబడ్డాయట. మూడు నదులనుకుని పేరు పెట్టారట. "నిజానికి ఒక్కటే" అన్నాడు, పక్కవాడి తప్పు బయటపెట్టినట్టు నవ్వుతూ.

మూర్తిగారు ఆ బొమ్మ మీదికి వంగారు. ఒక దీవి మీద వేలు పెట్టారు.

"ఇది లంక" అన్నారు.

మార్సెల్‌కు అర్థం కాలేదు. మూర్తిగారు ఆ మాట మళ్ళీ అనలేదు. మార్సెల్ వెళ్ళాక కూడా అక్కడే నిలబడ్డారు. మల్లయ్య వచ్చి ఆ రీలును తీసుకుపోవాలన్నాడు. "ఇంకోటి తీసుకెళ్ళరా, ఇది ఉండనీ" అన్నారు. "యల్లా సారూ, మిషనోళ్ళు ఒర్లుతున్నరు" అని మల్లయ్య సణిగి, పక్క రీలు దొర్లించుకుపోయాడు.

శుక్రవారం పొద్దున్నే ముగ్గురం సముద్రం దగ్గరికి వెళ్ళాం. అటుగా ఎవరైనా వస్తే చెప్పడానికి మల్లయ్య రోడ్డు వైపు నిలబడతానన్నాడు. చేతిలో చిన్న మూట ఉంది. మూర్తిగారికి ఇచ్చాడు. "బియ్యం సారూ. మా దిక్కు పెత్రమాసకు పెద్దల పేరు మీద బాపనాయనకు ఇస్తం. ఇది మూడేర్ల సారు పేరు మీద." మూర్తిగారు మూటను రెండు చేతులా తీసుకున్నారు.

ఆయన మోకాలి లోతు నీళ్ళలోకి దిగారు. వేలికి దర్భ పవిత్రం, జంధ్యం కుడి భుజం మీదికి. సముద్రం ఆ రోజు కదలడం లేదు, పళ్ళెంలో పోసినట్టుంది. ముందు తన వాళ్ళందరికీ వదిలారు. తరవాత గాస్తోన్ వంతు. మళ్ళీ సంకల్పం మొదలెట్టారు. ద్వీపం చెప్పారు, దిక్కు చెప్పారు. నది దగ్గరికొచ్చి ఆగారు. దోసిట్లో నీళ్ళు, నల్ల నువ్వులు. ఎంతసేపు ఆగారో తెలీదు. మల్లయ్య రోడ్డు వదిలి నేనున్న ఒడ్డుకు వచ్చేశాడు. వెనకనుంచి మల్లయ్య అన్నాడు, "సారూ, నీళ్ళన్ని కారిపోతున్నయి."

మూర్తిగారు వంగి మళ్ళీ దోసిలి నింపుకున్నారు. అప్పుడు ఆ పేరు స్పష్టంగా వినబడింది. "త్రొవా-రివియేర్." పెదాలు గుండ్రంగా చుట్టి, చివరి అక్షరం మింగి, రకారం నాలుక కొసన ఆడించి. దాని తరవాత ఏదో అన్నారు. అంతలో రోడ్డు మీద లారీ పోయింది. నీళ్ళు బొటనవేలి పక్కనుంచి సముద్రంలోకి జారాయి.

తిరిగి వస్తూ అడిగాను. "ఎన్ని నదులని చెప్పారు?"

"లెక్క చెప్పలేదోయ్."

"మరి?"

"లంక మీద నిలబడి చేస్తున్నానని చెప్పేను."

"ఏ లంకండీ? మీదా, వాళ్ళదా?"

ఆయన తడిసిన పంచె పిండుకుంటూ నడిచారు. "లంకలో పుట్టినవాడికి చుట్టూ నీరుంటుంది. ఇటు పక్కది ఒక నది, అటు పక్కది ఇంకో నది అని మా చిన్నప్పుడు మేవూ అనుకునేవాళ్ళం. ఒకటేనని బళ్ళో చెప్పేరు. ఇంటికెళ్ళి మా అమ్మకి చెప్తే, అయితే ఆ రేవుకి నువ్వెళ్ళి నీళ్ళు తీసుకురా, అదీ ఇదీ ఒకటేగా అంది." అక్కడితో ఆపేశారు. ఆ కథ నా ప్రశ్నకు జవాబని ఆయన అనుకున్నట్టున్నారు. నాకు అప్పుడు అందలేదు.

ఎనభైల మధ్యలో మూర్తిగారు ఊరికి వెళ్ళిపోయారు. ఆ తరవాత నేనూ తిరిగొచ్చి మళ్ళీ తెలుగు పత్రికలో చేరాను. డెస్కులో కుర్రవాళ్ళు నన్ను చాదస్తుడనేవారు. మారుమూల ఊరి పేరు వార్తలో వస్తే, ఆ ఊరి మనిషి ఎవరైనా దొరికేదాకా పేజీ వదిలేవాణ్ణి కాదు. బోర్డు మీద ఏముంది, పటంలో ఏముంది అని కాదు, అక్కడ పుట్టినవాడు ఏమంటాడో అడగమనేవాణ్ణి. ఎందుకని వాళ్ళు అడిగితే ఒక కాగితం గోడౌను సంగతి మొదలెట్టి, సగంలో నాకే దారి తప్పేది.

మూర్తిగారు పోయి చాలా ఏళ్ళయింది. ఆయన లంకను వరద కోసుకుపోతూ వచ్చింది. ఆయన ఇల్లున్న చోట ఇప్పుడు నీరు పారుతోందని విన్నాను. మహాలయ పక్షాల్లో నేను రాజమండ్రి గోదావరి రేవుకు వెళ్తాను. గురువుల వంతు వచ్చినప్పుడు ఆయన పేరు చెప్తాను, ఆయన వెనకే గాస్తోన్ పేరు. మొదటి ఏడాది పురోహితుడు ఉలిక్కిపడ్డాడు. ఇప్పుడు అలవాటైంది. కుర్రవాడు, మంచివాడు. కిందటేడు మాత్రం కుతూహలం ఆపుకోలేక అడిగాడు. "ఆయనది ఏ ఊరండీ?"

"త్రొవా-రివియేర్" అన్నాను.

"అక్కడ ఏం నదండీ?"

నేను నోరు తెరిచాను. ఎదురుగా గోదావరి నిండుగా, ఒక్కటిగా పారుతోంది. కాస్త కిందికి పోతే ధవళేశ్వరం, ఆ తరవాత పాయలు, పాయకో పేరు, వాటి మధ్య లంకలు. ఏది ముందు చెప్పాలో తెలీలేదు. అతను నా దోసిలి చూసి, మెల్లగా అన్నాడు.

"నీళ్ళు కారిపోతున్నాయండీ."

వంగి మళ్ళీ దోసిలి నింపుకున్నాను.